చేతికి ఎవరు నేర్పారు?



పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి. మంట తగ్గించాలా వద్దా అని కూర్చుని ఆలోచిస్తామా? లేదు గదా! చెయ్యి దానంతటదే పోతుంది. అంటే తెలివి తలలోనే కాదు, చేతిలోనూ ఉందన్నమాట. లోకాన్ని మనం ముందు శరీరంతోనే తెలుసుకుంటామని ఫ్రెంచి తత్త్వవేత్త మెర్లో-పోంటీ 1945లో రాశారు. 1991లో వరేలా, థాంప్సన్, రోష్ అనే ముగ్గురు ఆ భావాన్ని మనస్సును పరిశోధించే శాస్త్రంలోకి తెచ్చారు.

అమెరికాలోని లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ ప్రొటెవి 2009లో వెలువరించిన గ్రంథంలో మరో అడుగు వేశారు. డెల్యూజ్, గ్వట్టారీ అనే ఫ్రెంచివారి ఆలోచనలను ఈ శాస్త్రానికి, రాజకీయాలకు ముడివేశారు. భయం, కోపం, జాలి మన సొంతం అనుకుంటాం. కాని సంఘమే వాటిని మన ఒంటికి అలవాటు చేస్తుందని, ఒకరి నుంచి ఒకరికి అవి పాకుతాయని ఆయన వాదం.

ఆయన చూపిన ఉదాహరణ 2005 ఆగస్టు నాటి కత్రినా తుపాను. న్యూ ఆర్లియన్స్ నగరం మునిగింది. చిక్కుకున్నవారిలో ఎక్కువమంది పేద నల్లవారు. వాళ్లు దోపిడీలు, హత్యలు చేస్తున్నారని పుకార్లు లేచాయి. వాటిలో చాలా వరకు అబద్ధాలని తర్వాత తేలింది. అక్కడ ఇరుగుపొరుగు వారే ఒకరినొకరు కాపాడుకున్నారు. కాని భయం ముందు నడిచింది, సాయం వెనకబడింది.

ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకంటారా? మన నెల్లూరు తీరానికి తుపాను కొత్తేమీ కాదు. ఒక తుపాను రాత్రి సముద్రపు ఒడ్డు పాళెం నుంచి తడిసిన బట్టలతో, చంకన బిడ్డలతో నలుగురు ఆడవాళ్లు మా వాకిట్లోకి వచ్చారు. నా చెయ్యి ముందు గేటు గొళ్లెం మీదికి పోయింది! తర్వాత తలుపు తీశాననుకోండి. కాని పాలగిన్నె దగ్గరికి పోయే ఈ చేతికి గొళ్లెం వెయ్యడం ఎవరు నేర్పారు?

నేర్చినది మార్చుకోవచ్చు కూడా. 1992లో మన జిల్లా దూబగుంటలో ఏం జరిగింది? ఏ ఇంటికా ఇల్లు మింగుకున్న ఏడుపు, చదువుల తరగతుల్లో పదిమంది కలిసి మాట్లాడుకునేసరికి కోపమైంది. సారా దుకాణం మూయించింది. ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

"ఆడవాళ్లవి ఉత్త ఆవేశాలు" అని ఎవరన్నా అంటే దూబగుంట పేరు చెప్పండి. చెయ్యి గొళ్లెం మీదికి పోయినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఈ భయం నాదేనా అని అడగండి.