మోకాలి కాడ గడ్డ.. కోసేముందు అదేందో తేలాలె

బొగ్గుబాయిల మోకాళ్లూని పనిచేసినోళ్లకు చిప్ప ముందర మెత్తగ ఉబ్బుడు కొత్త ముచ్చట కాదు. బ్రిటన్ గనుల్ల దీన్ని ‘బీట్ నీ’ అన్నరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 నాటి వృత్తి రోగాల జాబితాల గూడ ఇది ఉన్నది. నిజానికి ఇది కణితి కాదు. చర్మానికి, ఎముకకు నడుమ రాపిడి ఆపే చిన్న సంచి వాచి, నీళ్లు నిండుతయి.

అయితే బెల్లంపల్లిల మోకాలికి, భుజానికి గడ్డ లేస్తే అది బాయి పనితోనే వచ్చిందని అనుకోవద్దు. వేలితో నొక్కితే జారే మెత్తటి గడ్డ చానా సార్లు కొవ్వు గడ్డ, అంటే లైపోమా. మోకాలి ఎనుక ఉబ్బితే బేకర్స్ సిస్ట్ కావచ్చు. కీలు లోపల అరిగినప్పుడో, మృదులాస్థి చినిగినప్పుడో నీరు ఎక్కువై ఎన్కకు తోసుకొస్తది. అసలు జబ్బును వదిలి సంచిని మాత్రమే కోస్తే మళ్ల వస్తది. కీలు పొర నుంచి పుట్టే జెయింట్ సెల్ ట్యూమర్ ఇంకోటి. పాత రక్తంల ఇనుము పేరుకొని గోధుమరంగుల ఉంటది. క్యాన్సర్ కాదుగాని, తీసినా మళ్ల పుట్టొచ్చు.

మెత్తటి కణజాలంల వచ్చే గడ్డలల్ల మంచివే ఎక్కువ, క్యాన్సర్‌వి చానా తక్కువ. మరి భయమెందుకు? మంచి గడ్డ తన పొరలనే ఉంటది. సార్కోమా అనే క్యాన్సర్‌కు గూడ పైకి పొర ఉన్నట్టే కనిపిస్తది, కాని అది ఉత్త పొర. కణాలు దాన్ని దాటి పక్క కండలకు పాకుతయి. చిన్న కోత పెట్టి గడ్డను ఊడదీస్తే ఆ కణాలు అక్కడ్నే మిగులుతయి. తర్వాత చేసే ఆపరేషన్ పెద్దదైతది.

అందుకే గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, కండ లోపల ఉన్నా, నొప్పి ఉన్నా, తీసినాక మళ్ల వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. ముందుగాల అల్ట్రాసౌండ్, లోతుగుంటే ఎమ్మారై, అనుమానముంటే సూది బయాప్సీ, ఆ తర్వాతనే కత్తి. బెల్లంపల్లిల సింగరేణి ఏరియా దవాఖాన ఉన్నది. సార్కోమా అనుమానముంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల సర్కారు ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ఉన్నది.

ఎక్కడ తీయించినా ఆ ముక్కను పారేయనియ్యొద్దు. పెథాలజీకి పంపియ్యమని అడుగుండ్రి, రిపోర్టు చేతిల పెట్టుకోండ్రి. గడ్డ పేరేందో చెప్పేది ఆ కాయితమే.