జీవకణములో పరంజా

ఇల్లు కట్టునపుడు తాపీవారు పరంజా కట్టుకొనుట మనమెరుగుదుము. పరంజా ఇటుక పేర్చదు, సున్నము పూయదు. కాని అది లేనిచో పనివారు తగిన చోట నిలువలేరు. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి సామగ్రి అందదు. మన తెల్ల రక్తకణములలోను ఇట్టి పరంజాలు కలవు. అవి కొన్ని మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు.

తెల్లకణములలో టి-కణములు కావలివారివంటివి. ఇవి శరీరమంతట తిరుగుచు ఇతర కణములను తడవి చూచుచుండును. ఎచ్చటనైన సూక్ష్మజీవి శకలము తగిలినచో టి-కణము అచ్చట ఆగవలెను. ఆ వార్త కేంద్రకమునకు చేరవలెను. వార్తను మోయు ఎంజైములు కణములో చెదరియుండును. మరి వాటినొకచోట చేర్చునదేది?

అది 'లాట్' అను మాంసకృత్తు. ఇది కణపు పొరలో నాటుకొని, తన తోకను లోనికి చాచియుండును. ఇది ఎంజైము కాదు. స్వయముగా ఏ రసాయనిక చర్యను జరుపదు. వెలుపల శత్రువు తగులగనే జాప్-70 అను ఎంజైము లాట్ తోకకు ఫాస్ఫేటులను తగిలించును. ఇవే కొక్కెములు. ఒక కొక్కెమును పట్టుకొనిన ఎంజైము కణములోని కాల్షియమును విడుదల చేయించును; కాల్షియము పెరుగగా కణము నడక నిలుపును. మరియొక కొక్కెము మూలమున ఎస్.ఎల్.పి.-76 అను రెండవ పరంజా వచ్చి చేరి, 'వాస్ప్' అను మాంసకృత్తును రప్పించును. వాస్ప్ ప్రేరణతో ఆక్టిన్ పోగులు కొమ్మలుగా పెరుగును. కణము పాకుటకును, శత్రువున్న కణమును అంటిపట్టుకొనుటకును ఈ పోగులే ఆధారము.

1999లో లాట్ లేని ఎలుకలను పుట్టించి చూడగా, వాటిలో పక్వమైన టి-కణములే కనబడలేదు!

వాస్ప్ లోపించిన ఏమగునో ఒక వ్యాధి తెలుపుచున్నది. 1937లో జర్మనీలో విస్కాట్ అను వైద్యుడు ఒకే యింటి ముగ్గురు అన్నదమ్ముల వ్యాధిని వర్ణించెను. రక్తస్రావము, చర్మవ్యాధి, మాటిమాటికి చెవిలో చీము వారిని పీడించెను. అక్కచెల్లెండ్రు మాత్రము ఆరోగ్యముగ నుండిరి. ఇది తల్లినుండి కుమారులకు సంక్రమించునని 1954లో అమెరికాలో ఆల్డ్రిచ్ చూపెను. కారణమైన జన్యువు 1994లో దొరకెను. అదియే వాస్ప్‌ను తయారుచేయించు జన్యువు. ఈ బాలురకు తెల్లకణములున్నను అవి చక్కగ పాకలేవు, శత్రువును గట్టిగ పట్టలేవు. ఆరోగ్యవంతుని ఎముకమజ్జను మార్పిడి చేసి వీరిలో పెక్కురను నేడు కాపాడగలుగుచున్నారు.

కాబట్టి కణములో పనివారుండుట మాత్రమే చాలదు. సకాలమున, సరియైన చోట, వారు ఒకరి ప్రక్క నొకరు నిలువవలెను. ఆ చోటు చూపుటయే పరంజా చేయు పని.