మీకు తెలుసా? సోరియాసిస్ మందు వెనుక భీమవరపు మేధ

కొల్లేటికి అనతిదూరమునగల భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యము వహించుచుండగా వారి బృందము రూపొందించిన అమినోప్టెరిన్, తొలుత బాలల రక్తక్యాన్సరునకు వాడబడి, 1951లో సోరియాసిస్‌ను సైతము ఉపశమింపజేయునని గుర్తింపబడినది. తత్సమానమైన మెథోట్రెక్సేట్ నేటికిని తీవ్రమైన సోరియాసిస్‌కు వాడుకలోనున్నది. అయితే దానిని వారమునకు ఒక్క పర్యాయమే, రక్తపరీక్షను, కాలేయపరీక్షను చేయించుకొనుచు, వైద్యుని పర్యవేక్షణలోనే సేవింపవలెను. గర్భిణులకు అది నిషిద్ధము.

ఒక శిలీంధ్రప్రజాతికి సుబ్బరోమైసిస్ అని సుబ్బారావుగారి పేరే పెట్టిరి.

ఇక శిలీంధ్రజనితమైన తామర సోరియాసిస్‌కంటె వేఱు వ్యాధి. పెదవేగి పొలములందును కొల్లేటి చేపల చెరువులందును తడిలో శ్రమించువారి గజ్జలను, కాలివ్రేళ్ల సందులను ఆశ్రయించు ఈ రోగమునకు టెర్బినఫిన్, క్లోట్రిమజోల్, ఇట్రాకొనజోల్ వంటి శిలీంధ్రనాశకములే తగిన చికిత్స. స్టీరాయిడ్ కలిసిన లేపనము దురదను తాత్కాలికముగా అణచి, లోలోపల శిలీంధ్రమును విస్తరింపజేయును గనుక, వైద్యుని అడుగక దానిని దుకాణమున కొని పూయరాదు. మచ్చ మాయమైనంతనే మందు మానక గడువు నిండువఱకు వాడుట, తడిబట్టలు విడిచి చర్మమును ఆరనిచ్చుట, ఇంటిలో సోకినవారందఱును ఏకకాలమున చికిత్స పొందుట అత్యావశ్యకములు.