పులసయా, విలసయా?

శ్రావణమాసమున రాజమహేంద్రవరము నుండి రావులపాలెము మీదుగా పోవుచు, మధ్యాహ్నవేళ రహదారి ప్రక్కనున్న యొక భోజనశాలలో దిగితిని. బల్లలన్నియు నిండియున్నవి. తినువారి వెనుకనే తరువాతివారు నిలుచుండి, ఆకులవంక చూచుచుండిరి.

చోటు దొరకగానే పులస యున్నదా యని యడిగితిని. వడ్డించు కుర్రవాడు చెవి దగ్గరకు వంగి, "బోర్డు మీద పులసేనండి. కుండలో మాత్రం సముద్రపు విలసండి. మాస్టారిలాగున్నారు, మీతో అబద్ధమెందుకండి, ఆయ్" అనెను.

రెండును ఒకే చేప. కడలిలో నున్నంతకాలము విలస. వరదకాలమున ఎర్రనీరు దిగగానే గ్రుడ్లు పెట్టుటకై గోదావరి కెదురీదినచో పులస. ఆ యెదురీతలోనే రుచి వచ్చునని మనవారి యనుభవము. వంగదేశీయుల ఇలిష్ కూడ ఈ జాతిదే. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత. (ఆ పుస్తెలు గలామె నెవరైన నడిగిరో లేదో!)

1852లో ముగిసిన కాటను దొర ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. ఎగువకు పోవు ఈ చేపకు మాత్రము అడ్డు నిలిచినది. ఇప్పుడచ్చట బారేజి యున్నది. దానికి దిగువనే వలలు కాచుకొనియుండును. పైగా గ్రుడ్లున్న చేపకే మనము ఎక్కువ వెల పెట్టుదుము. రాబోవు ఏటి పులసను ఈ యేడే పులుసు పెట్టుకొనుచున్నాము.

విలస పులుసు, అందులోని బెండకాయలతో సహా, బాగుగనే యున్నది. నేను లేచులోగా నా కుర్చీలో మరియొకరు కూర్చుండి, "పులస ఉందా?" అనిరి. కుర్రవాడు మరల వంగెను.