ఓవర్‌క్లాకింగ్ అస్థిరత

ఓవర్‌క్లాకింగ్ అనగా కంప్యూటరులోని ప్రాసెసరును, తయారీదారు నిర్ణయించిన పౌనఃపున్యం కంటే ఎక్కువ పౌనఃపున్యంతో పనిచేయించడం. ఇలా వేగం పెంచినప్పుడు కొన్ని కంప్యూటర్లు ఉన్నట్టుండి స్తంభించిపోతాయి, వాటంతట అవే పునఃప్రారంభమవుతాయి, నీలితెర చూపి ఆగిపోతాయి, లేదా పైకి ఏమీ తెలియకుండానే తప్పుడు ఫలితాలను ఇస్తాయి. ఈ పరిస్థితినే ఓవర్‌క్లాకింగ్ అస్థిరత అంటారు. ఇంటి కంప్యూటరులో ఇటువంటి అస్థిరతకు గల కారణాలను, వాటిని క్రమపద్ధతిలో కనిపెట్టి సరిదిద్దే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

ప్రాసెసరు పౌనఃపున్యం రెండు సంఖ్యల లబ్ధం. మొదటిది మదర్‌బోర్డు అందించే ఆధార పౌనఃపున్యం, రెండవది గుణకం. 1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ప్రాసెసరుకు ఆధార పౌనఃపున్యం 66 మెగాహెర్ట్జ్, గుణకం 4.5. అంటే దాని వేగం 300 మెగాహెర్ట్జ్. గుణకాన్ని మార్చే వీలు లేకపోయినా, ఆధార పౌనఃపున్యాన్ని 100కు పెంచితే అదే ప్రాసెసరు 450 మెగాహెర్ట్జ్ వేగాన్ని అందుకునేది. ఎక్కువ ధర పలికే ప్రాసెసరుతో సమానమైన వేగం తక్కువ ఖర్చుతో లభించడంతో ఈ విద్య ఇంటి వాడుకరులలో బాగా ప్రచారం పొందింది.

ఇది సాధ్యం కావడానికి కారణం, తయారీదారులు ప్రతి ప్రాసెసరుకూ కొంత కొసరు వదిలిపెట్టడమే. వేసవి వేడిలోనూ, దుమ్ము పట్టిన ఫ్యానుతోనూ, ఏళ్ళ తరబడి వాడిన తరువాత కూడా అది సరిగా పనిచేయాలి కనుక, దాని గరిష్ఠ సామర్థ్యం కంటే తక్కువ వేగాన్నే ముద్రించి అమ్ముతారు. ఓవర్‌క్లాకింగ్ చేసేవారు వాడుకునేది ఈ కొసరునే. అయితే ఈ కొసరు ఏ రెండు ప్రాసెసర్లలోనూ ఒకే విధంగా ఉండదు. ఒకే పేరు, ఒకే నమూనా గల రెండింటిలో ఒకటి నిలకడగా అందుకున్న వేగం వద్ద రెండవది తడబడవచ్చు.

తయారీదారులు కూడా ఈ అంచనాలో పొరబడిన సందర్భాలు ఉన్నాయి. ఇంటెల్ 2000 జూలై నెలాఖరులో విడుదల చేసిన 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3 ప్రాసెసరు సాధారణ పనులను చక్కగా చేసేది కానీ, లినక్స్ కెర్నెల్‌ను కంపైల్ చేయడం వంటి పనులలో విఫలమయ్యేది. ఈ లోపాన్ని సమీక్షకులు బయటపెట్టడంతో ఆగస్టులోనే సంస్థ దానిని వెనక్కు తీసుకుంది. కొన్ని పనులు సాఫీగా సాగినంత మాత్రాన ప్రాసెసరు స్థిరంగా ఉన్నట్లు కాదని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

అస్థిరతకు కారణాలు

ప్రాసెసరు గడియారాన్ని పాఠశాల గంటతో పోల్చవచ్చు. ప్రతి గంటకూ పిల్లలందరూ తమకిచ్చిన లెక్కను పూర్తి చేసి పలకలు చూపాలి. గంటను త్వరగా కొడితే, అందరికంటే నిదానంగా రాసే పిల్లవాడి పలకపై సగం లెక్కే ఉంటుంది. 3 గిగాహెర్ట్జ్ వద్ద ఒక్కొక్క ఆవృత్తికి లభించే వ్యవధి 0.33 నానోసెకన్లు. 3.6 గిగాహెర్ట్జ్ వద్ద అది సుమారు 0.28 నానోసెకన్లకు తగ్గుతుంది. ఈ వ్యవధిలో సంకేతం తన మార్గాన్ని పూర్తి చేయలేకపోతే తప్పుడు విలువ నమోదవుతుంది.

వోల్టేజి పెంచితే ట్రాన్సిస్టర్లు మరింత త్వరగా మారతాయి, కనుక ఎక్కువ వేగాన్ని తట్టుకోగలవు. అయితే దీనికి మూల్యం ఉష్ణమే. ప్రాసెసరు పని చేసేటప్పుడు వినియోగించే శక్తి పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. పౌనఃపున్యాన్ని 20 శాతం, వోల్టేజిని 10 శాతం పెంచితే శక్తి 1.2 × 1.1 × 1.1, అనగా సుమారు 1.45 రెట్లు అవుతుంది. వేగంలో వచ్చిన లాభం 20 శాతం కాగా, అదనంగా పుట్టే వేడి 45 శాతం. వేడి పెరిగిన కొద్దీ సంకేతాలు నిదానించి, లీకేజి విద్యుత్తు హెచ్చుతుంది. అందువలన ఒక స్థాయి దాటిన తరువాత వోల్టేజి పెంచడం వలన అస్థిరత తగ్గకపోగా పెరుగుతుంది.

లక్షణాలు - సూచనలు

అస్థిరత బయటపడే తీరును బట్టి దాని మూలాన్ని కొంతవరకు ఊహించవచ్చు.

1. కంప్యూటరు అసలు ప్రారంభం కాకపోవడం: వేగం హద్దు మీరి ఉంటుంది, లేదా మెమరీ అమరికలు పొసగలేదు. మదర్‌బోర్డుపై ఉండే జంపరు ద్వారా బయోస్ అమరికలను చెరిపివేస్తే తొలి అమరికలు తిరిగి వస్తాయి.
2. బరువైన పని మొదలైన వెంటనే ఆగిపోవడం: పని భారం పడగానే వోల్టేజి అవసరమైన స్థాయి కంటే కిందికి జారుతున్నది.
3. పది, ఇరవై నిమిషాల తరువాత ఆగిపోవడం: ఉష్ణోగ్రతను మొదట అనుమానించాలి.
4. ఆగిపోకుండా వేగం మాత్రమే పడిపోవడం: ప్రాసెసరు వేడి నుండి తనను తాను కాపాడుకుంటున్నది. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్ పరిసరాలలో ఈ పని చేస్తాయి.
5. తీగ పీకినట్లు ఒక్కసారిగా కరెంటు పోవడం: పవర్ సప్లై భారాన్ని మోయలేకపోతున్నది, లేదా రక్షణ ఏర్పాటు పనిచేసింది.
6. బరువైన పరీక్షలన్నీ నెగ్గి, ఖాళీగా ఉన్నప్పుడు ఆగిపోవడం: వోల్టేజిని తగ్గించి సర్దుబాటు చేసిన నేటి ప్రాసెసర్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. తేలికపాటి పనిలో ఒకటి రెండు కోర్లు మాత్రమే అత్యధిక వేగానికి చేరతాయి. ఆ వేగానికి తగిన వోల్టేజి వాటికి అందదు.

విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ దోషాలు 'వీహియా లాగర్' పేరుతో నమోదవుతాయి. వీటిలో 19వ సంఖ్య గలది ప్రాసెసరు తానే సరిదిద్దుకున్న దోషం, 18వ సంఖ్య గలది సరిదిద్దలేని దోషం. కంప్యూటరు ఆగిపోకపోయినా 19వ సంఖ్య పదే పదే కనిపిస్తుంటే అది ముందస్తు హెచ్చరికే. 'కెర్నెల్ పవర్ 41' అనే నమోదు మాత్రం కంప్యూటరు సక్రమంగా మూతపడలేదని చెబుతుందే కానీ కారణాన్ని చెప్పదు.

దోష నిర్ధారణ పద్ధతి

ఈ పనిలో ముఖ్య నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క అమరికనే మార్చాలి, మార్చిన ప్రతిదానినీ కాగితంపై రాసుకోవాలి. రెండు మూడు అమరికలను ఒకేసారి మారిస్తే, ఫలితం మెరుగైనా దేనివలన మెరుగైనదో తెలియదు.

మొదటి మెట్టు: ముఖ్యమైన దస్త్రాలన్నింటినీ వేరే డిస్కులోకి నకలు తీసి, ఆ డిస్కును కంప్యూటరు నుండి విడదీయాలి.

రెండవ మెట్టు: బయోస్‌లో తొలి అమరికలను పునరుద్ధరించి పరీక్షించాలి. అప్పటికీ దోషం కనిపిస్తే కారణం ఓవర్‌క్లాకింగ్ కాకపోవచ్చు. మెమరీ, పవర్ సప్లై, డ్రైవర్లను పరిశీలించాలి. మెమరీకి ఎక్స్‌ఎంపీ అమరికను ఎంచుకోవడం కూడా ఒక విధమైన ఓవర్‌క్లాకింగే కనుక, దానిని కూడా ఈ దశలో తొలగించాలి.

మూడవ మెట్టు: ఉష్ణోగ్రతను గమనించాలి. హీట్‌సింక్ సరిగా బిగిసిందా, థర్మల్ పేస్టు ఎండిపోయిందా, ఫ్యాను తిరుగుతున్నదా అని చూడాలి. గది ఉష్ణోగ్రత 25 నుండి 40 డిగ్రీలకు పెరిగితే ప్రాసెసరు ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే పెరుగుతుంది. జనవరిలో నెగ్గిన అమరిక మే నెలలో రెంటచింతల, విజయవాడ వంటి చోట్ల నెగ్గకపోవడానికి ఇదే కారణం.

నాలుగవ మెట్టు: దోషం ప్రాసెసరుదా, మెమరీదా అని వేరు చేయాలి. 2007లో విడుదలైన కోర్ 2 క్వాడ్ క్యూ6600 దీనికి మంచి ఉదాహరణ. దాని ఆధార పౌనఃపున్యం 266 మెగాహెర్ట్జ్, గుణకం 9, వేగం 2.4 గిగాహెర్ట్జ్. ఆధార పౌనఃపున్యాన్ని 333కు పెంచితే వేగం 3 గిగాహెర్ట్జ్ అవుతుంది. కానీ మెమరీ వేగం కూడా ఆధార పౌనఃపున్యంపైనే ఆధారపడుతుంది. 3:2 నిష్పత్తిలో ఉన్న డీడీఆర్2-800 మెమరీ అప్పుడు 1000 స్థాయిలో నడవవలసి వస్తుంది. ఇక్కడ తడబడేది మెమరీ, నింద మాత్రం ప్రాసెసరుపై పడుతుంది. దీనిని ఇలా వేరు చేయవచ్చు:

- మెమరీ నిష్పత్తిని 1:1కు, గుణకాన్ని 6కు తగ్గించాలి. ప్రాసెసరు 2 గిగాహెర్ట్జ్ వద్ద, మెమరీ 667 స్థాయిలో, అంటే రెండూ తమ పరిమితికి లోపలే నడుస్తాయి. అయినా దోషం వస్తే లోపం మదర్‌బోర్డులోని చిప్‌సెట్‌ది.
- అది నెగ్గితే గుణకాన్ని తిరిగి 9 చేయాలి. ఇప్పుడు దోషం వస్తే అది ప్రాసెసరుదే.
- అదీ నెగ్గితే మెమరీ నిష్పత్తిని పెంచాలి. ఇప్పుడు వచ్చే దోషం మెమరీది.

2011 నుండి వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఆధార పౌనఃపున్యాన్ని 100 మెగాహెర్ట్జ్ వద్దనే ఉంచి, 'కె' అక్షరం గల నమూనాలలో గుణకాన్ని మాత్రమే మారుస్తారు. అందువలన ప్రాసెసరును, మెమరీని విడివిడిగా పరీక్షించడం సులభమైంది.

ఐదవ మెట్టు: దోషం ప్రాసెసరుదేనని తేలితే, ఉష్ణోగ్రతకు ఇంకా అవకాశం ఉన్నప్పుడు మాత్రమే వోల్టేజిని 0.02 వోల్టుల చొప్పున పెంచి చూడాలి. ఉష్ణోగ్రత అప్పటికే హెచ్చుగా ఉంటే వేగాన్ని ఒక మెట్టు తగ్గించడమే పరిష్కారం.

స్థిరత్వ పరీక్షలు

ఇల్లు అలకగానే పండుగ కానట్లే, విండోస్ తెర కనిపించగానే ఓవర్‌క్లాకింగ్ విజయవంతమైనట్లు కాదు. జార్జ్ వోల్ట్‌మన్ రూపొందించిన ప్రైమ్95 ఈ పరీక్షలకు ప్రసిద్ధి చెందింది. 1996లో మొదలైన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ దీని అసలు ప్రయోజనం. ఇది చేసే గుణకారాలలో ఫలితాలు పూర్ణాంకాలకు అతి సమీపంలో ఉండాలి. తేడా హద్దు దాటితే ఎక్కడో లెక్క తప్పిందని గ్రహించి ఆగిపోతుంది. చిన్న సంఖ్యల పరీక్ష ప్రధానంగా ప్రాసెసరును, మిశ్రమ పరీక్ష మెమరీని కూడా శోధిస్తాయి. మెమ్‌టెస్ట్86+ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నిమిత్తం లేకుండా మెమరీని పరీక్షిస్తుంది. కొన్ని గంటలపాటు పరీక్షించిన తరువాత, రోజూ చేసే పనులలోనూ, ఖాళీగా ఉంచినప్పుడూ కొన్నాళ్ళు గమనించడం అవసరం.

నిశ్శబ్ద దోషాలు

ఆగిపోయే కంప్యూటరు కంటే ఆగకుండా తప్పు చేసే కంప్యూటరు ఎక్కువ ప్రమాదకరం. ఒక్క బిట్టు మారితే ఫోటో చెడిపోవచ్చు, లెక్కల పట్టికలో అంకె మారవచ్చు, కుదించిన దస్త్రం తెరుచుకోకపోవచ్చు. చెడిన దస్త్రాన్నే మళ్ళీ నకలు తీస్తే మంచి ప్రతి కూడా పోతుంది.

మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ 2005లో ఇటువంటి అనుభవాన్ని వివరించారు. వాడుకరుల నుండి వచ్చిన కొన్ని వైఫల్య నివేదికలలో, విఫలం కావడానికి అవకాశమే లేని ఆదేశం వద్ద ప్రోగ్రాం ఆగిపోయి ఉంది. విచారించగా ఆ కంప్యూటర్లు ఓవర్‌క్లాక్ చేసినవని తేలింది. కొందరికి తమ కంప్యూటరును అమ్మినవారే అలా చేశారన్న సంగతి కూడా తెలియదు. సుమారు పది లక్షల కంప్యూటర్ల సమాచారాన్ని విశ్లేషించి మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో ప్రచురించిన పత్రం, వేగం పెంచిన ప్రాసెసర్లు ఎక్కువగా విఫలమవుతాయనీ, హార్డ్‌వేర్ దోషంతో ఒకసారి ఆగిపోయిన కంప్యూటరు మళ్ళీ ఆగిపోయే అవకాశం ఎంతో హెచ్చనీ తెలిపింది.

కాలక్రమంలో క్షీణత

ఏళ్ళ తరబడి స్థిరంగా ఉన్న అమరిక క్రమంగా అస్థిరం కావచ్చు. అధిక వోల్టేజి, అధిక ఉష్ణోగ్రత ట్రాన్సిస్టర్లను మెల్లగా క్షీణింపజేస్తాయి. ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, వాడుకరులు వేగం పెంచకపోయినా అస్థిరమైనాయి. అవి అవసరానికి మించిన వోల్టేజిని కోరుతున్నాయని 2024లో సంస్థ ప్రకటించి, మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ సవరణ ఇకముందు జరిగే హానిని అరికట్టగలదు కానీ, అప్పటికే క్షీణించిన ప్రాసెసరును పూర్వస్థితికి తేలేదు. ఓవర్‌క్లాకింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. అందుచేత పరీక్షలలో నెగ్గిన గరిష్ఠ వేగం కంటే ఒకటి రెండు మెట్లు తగ్గించి వాడుకోవడం, పరీక్షలను అప్పుడప్పుడు, ముఖ్యంగా వేసవి ఆరంభంలో, మళ్ళీ జరపడం మంచిది. పరీక్షా ఫలితాలు, ఇంటి లెక్కలు వంటి తిరిగి సంపాదించలేని సమాచారం ఉన్న కంప్యూటరును తొలి అమరికలలోనే ఉంచడం శ్రేయస్కరం.