మూల బిందువు దగ్గర మాయమైన గట్టు

రెండు చలరాశుల కలన గణితం చదివేవాళ్లకు తప్పకుండా ఎదురయ్యే ప్రమేయం ఒకటుంది. ఎక్స్ వర్గాన్ని వైతో గుణించాలి. ఎక్స్ నాలుగో ఘాతాన్నీ వై వర్గాన్నీ కూడి, ఆ మొత్తంతో దాన్ని భాగించాలి. మూల బిందువు వైపు ఏ సరళరేఖ మీద నడిచి వెళ్లినా దీని విలువ సున్నాకు చేరువవుతుంది. వై విలువ ఎక్స్ వర్గానికి సమానమయ్యే పరావలయం మీద నడిస్తే మాత్రం అడుగడుగునా సరిగ్గా 0.5 వస్తుంది, మూల బిందువుకు ఎంత దగ్గరికి వెళ్లినా అంతే. కాబట్టి అక్కడ ఈ ప్రమేయానికి అవధి లేదు. ఉపరితలంగా ఊహించుకుంటే, పరావలయం వెంట ఒకే ఎత్తున్న గట్టు మూల బిందువు అంచుదాకా సాగుతుంది. వై రుణ విలువలున్న వైపు అంతే లోతున్న కాలువ ఉంటుంది. పుస్తకంలో అచ్చయిన బొమ్మ ఒకే కోణం నుంచి గీసింది కాబట్టి, గట్టు బాగా కనబడితే కాలువ దాని చాటున పడిపోతుంది. ఇలాంటి ఉపరితలాన్ని చేత్తో పట్టుకుని తిప్పి చూసినట్టు చూడగలగాలన్న కోరిక గణిత సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు మొదటినుంచీ ఉంది. ఆ కోరిక బ్రౌజర్‌లో ఎలా తీరింది, ఎంతవరకు తీరింది అన్నదే ఇక్కడి విషయం. బొమ్మ తిరిగినంత మాత్రాన సరిపోదనీ, దాన్ని లెక్కించిన యంత్రంతో దానికి సంబంధం తెగకుండా ఉన్నప్పుడే అది గణితానికి పనికొస్తుందనీ నా వాదన.

సేజ్‌మ్యాథ్ సంగతే తీసుకుందాం. మ్యాథమెటికా, మేపుల్, మ్యాట్‌ల్యాబ్, మాగ్మా వంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు దీటుగా ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగేది, లోపలి కోడ్ అంతా చదువుకోగలిగేది ఉండాలని విలియం స్టీన్ అనే సంఖ్యాసిద్ధాంత గణితవేత్త 2005లో దీన్ని మొదలుపెట్టారు. అన్నిటినీ కొత్తగా రాయకుండా అప్పటికే ఉన్న మాక్సిమా, పారీ, గ్యాప్ వంటి పరికరాలను పైథాన్ భాషతో ఒక గొడుగు కిందికి తెచ్చారు. బొమ్మల విషయంలోనూ దారి అదే. త్రిమితీయ చిత్రాల కోసం సేజ్ చాలాకాలం జేమోల్ అనే ప్రోగ్రామ్ మీద ఆధారపడింది. అణువుల ఆకారాలను తిప్పి చూసుకోవడానికి రసాయన శాస్త్రవేత్తల కోసం తయారైన ప్రోగ్రామ్ అది. బ్రౌజర్‌లో జావా యాప్లెట్‌గా నడిచేది. అయితే భద్రతా లోపాల వల్ల బ్రౌజర్లు ఒక్కొక్కటే అలాంటి ప్లగిన్లకు తలుపులు మూసేశాయి. 2015 సెప్టెంబరులో క్రోమ్, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ జావా యాప్లెట్లను నడపడం ఆపేశాయి. జేమోల్‌ను జావాస్క్రిప్ట్‌లోకి మార్చిన రూపం కొంతకాలం ఆదుకుంది. ఆ తర్వాత త్రీ.జేఎస్ అనే స్వేచ్ఛా కోడ్ లైబ్రరీ ఆ స్థానంలోకి వచ్చింది.

త్రీ.జేఎస్ పని ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే, బ్రౌజర్ బొమ్మకున్న బలమూ బలహీనతా రెండూ ఒకేచోట బయటపడతాయి. ఉపరితలం గీయమని ఆదేశం ఇవ్వగానే సేజ్ ఆ పరిధిని గళ్లుగా విడదీస్తుంది. అడ్డంగా వంద, నిలువుగా వంద బిందువులు అడిగామనుకుందాం. పదివేల బిందువుల దగ్గర ప్రమేయం విలువ లెక్కవుతుంది. వాటి మధ్య 99 వరుసల్లో 99 చొప్పున 9,801 గళ్లు ఏర్పడతాయి. గడికి రెండు త్రిభుజాల చొప్పున మొత్తం 19,602 చిన్న త్రిభుజాలు. ఈ శిఖర బిందువుల జాబితా, ఏ మూడు కలిస్తే ఏ త్రిభుజమో చెప్పే జాబితా, ఈ రెండూ ఒక వెబ్ పేజీలోకి చేరతాయి. అంతటితో సేజ్ పని అయిపోయింది. మౌస్‌తో బొమ్మను తిప్పినప్పుడల్లా ప్రతి బిందువునూ ఒక మాత్రికతో గుణించి తెర మీద దాని చోటు కనుక్కునే పని కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ చిప్‌ది. 2011లో వెలువడిన వెబ్‌జీఎల్ ప్రమాణం బ్రౌజర్‌కు ఆ చిప్‌తో ఏ ప్లగిన్ లేకుండానే మాట్లాడే వీలిచ్చింది. సెకనుకు అరవైసార్లు ఆ గుణకారాలన్నీ చేయడం సాధారణ ల్యాప్‌టాప్‌కు కూడా కష్టం కాదు. అందుకే బొమ్మ వేలికి అంటుకున్నట్టు కదులుతుంది.

ఇక మన ప్రమేయాన్ని ఇలాగే గీద్దాం. రెండు అక్షాల మీదా పరిధి -1 నుంచి 1 దాకా. బిందువుల మధ్య ఎడం దాదాపు 0.02. మొత్తం సరిసంఖ్యలో బిందువులున్నాయి కాబట్టి మూల బిందువు ఆ జాబితాలో లేదు. వై అక్షం మీద సున్నాకు అతి దగ్గరగా ఉన్న విలువ 0.0101. గట్టు మీద వై అంటే ఎక్స్ వర్గం కదా, వై 0.0101 అయినప్పుడు ఎక్స్ సుమారు 0.1. అంతవరకు గళ్లు గట్టును పట్టుకుంటాయి, ఎత్తు దాదాపు 0.5 అనే చూపిస్తాయి. అక్కడినుంచి లోపలికి గట్టు రెండు వరుసల బిందువుల నడుమ ఇరుక్కుపోతుంది, ఏ బిందువూ దాన్ని తాకదు. ఎక్స్ 0.05 దగ్గర బొమ్మలో ఎత్తు 0.24కు దిగుతుంది, 0.03 దగ్గర 0.09కు. మూల బిందువు చేరేసరికి అంతా సున్నా, నున్నటి మైదానం. బొమ్మను ఎన్ని కోణాల నుంచి తిప్పినా, ఎంత దగ్గరికి లాక్కుని చూసినా కనిపించేవి ఆ పాత త్రిభుజాలే, కాకపోతే పెద్దవిగా. అవధి ఉంది, అది సున్నా అని ఆ బొమ్మ విద్యార్థికి అబద్ధం చెబుతుంది. అచ్చుబొమ్మ కంటే ఇది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అన్ని వైపుల నుంచీ పరీక్షించి చూశానన్న నమ్మకాన్ని కూడా కలిగిస్తుంది.

పరిధిని -0.1 నుంచి 0.1కు కుదించి మళ్లీ లెక్కించమంటే కథ మారిపోతుంది. ఎడం పదో వంతుకు తగ్గుతుంది, గట్టు 0.03 దాకా నిటారుగా నిలుస్తుంది. ఇందాక 0.09 అని చూపించిన చోటే ఇప్పుడు దాదాపు 0.5 కనబడుతుంది. ఇంకో పదింతలు కుదిస్తే గట్టు ఇంకా లోపలికి సాగుతుంది. కుదించినప్పుడల్లా లోపలికి జరుగుతూ ఎత్తు మాత్రం తగ్గని గట్టును కళ్లారా చూడటమే అవధి లేకపోవడాన్ని అనుభవించడం. సేజ్‌లో దీనికి ఇంటరాక్ట్ అనే ఏర్పాటు చాలాకాలంగా ఉంది. పరిధిని ఒక స్లైడర్‌కు ముడివేసి నాలుగైదు వరుసల పైథాన్ రాస్తే చాలు. స్లైడర్ కదిలినప్పుడల్లా బ్రౌజర్ నుంచి వెనకుండి లెక్కలు చేసే కెర్నెల్ అనే ప్రోగ్రామ్‌కు కబురు వెళ్తుంది, అక్కడ ప్రమేయం మళ్లీ లెక్కవుతుంది, కొత్త బొమ్మ తిరిగొస్తుంది. తిప్పడానికి గ్రాఫిక్స్ చిప్ చాలు. ప్రశ్నించడానికి మాత్రం గణిత యంత్రం వెనక ఉండాల్సిందే. జూమ్ చేయగానే ఆ ప్రాంతాన్ని తనంత తానే మళ్లీ లెక్కించే ఏర్పాటు స్వేచ్ఛా గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిమితీయ బొమ్మలకు కూడా సహజ గుణం కావాలని నేను బలంగా కోరుకుంటున్నాను.

డెస్మోస్ వంటి ఉచిత గ్రాఫింగ్ కాలిక్యులేటర్లు ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. బడిలో గ్రాఫులు నేర్పడానికి అవి చక్కగా పనికొస్తాయి, నిజమే. అయితే ఎన్ని బిందువుల దగ్గర లెక్కించారు, మధ్యలో ఖాళీని ఎలా పూరించారు అన్నదాని మీదే బొమ్మలోని నిజం ఆధారపడిందని ఇప్పుడే చూశాం. ఆ కోడ్ మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ ఎందుకలా వచ్చిందో తేల్చుకునే దారి మూసుకుపోతుంది. సేజ్‌లో బిందువుల సంఖ్య మన చేతిలో ఉంటుంది, త్రిభుజాలు కట్టే కోడ్ చదవడానికి తెరిచి ఉంటుంది. పైగా అక్కడ గీసే ఉపరితలం దీర్ఘవృత్తీయ వక్రాల లెక్క నుంచి రావచ్చు, సమూహ సిద్ధాంతం నుంచి రావచ్చు. కాలిక్యులేటర్ అంతదూరం వెళ్లదు.

బ్రౌజర్ పరికరాల ఆయుష్షు తక్కువ, యాప్లెట్లు పోయినట్టే రేపు ఇవీ పోతాయన్నది ఇంకో అభ్యంతరం. ఇది తీసిపారేయదగ్గది కాదు. కానీ జేమోల్ పోయినప్పుడు సేజ్‌లో ఉపరితలాన్ని నిర్వచించే ఆదేశాలు చెక్కుచెదరలేదు. చూపించే భాగాన్ని మార్చారు, అంతే. లెక్కించే భాగాన్నీ చూపించే భాగాన్నీ విడిగా ఉంచిన నిర్మాణం వల్ల ఇది కుదిరింది. ఇంటర్నెట్ సరిగా లేని కళాశాలల మాటేమిటి అన్నది మన దగ్గర మరీ న్యాయమైన ప్రశ్న. బ్రౌజర్ అంటే ఇంటర్నెట్ అని అర్థం కాదు. సేజ్ తనతోపాటే త్రీ.జేఎస్ ప్రతిని ఇస్తుంది, నెట్ లేకపోయినా బొమ్మ తిరుగుతుంది. ఇతర భాషల్లో రాసిన ప్రోగ్రాములను బ్రౌజర్‌లో నడిపే వెబ్ అసెంబ్లీ వచ్చాక లెక్కించే యంత్రమే బ్రౌజర్‌లోకి దిగుతోంది. మొజిల్లాలో 2018లో మొదలైన పయోడైడ్ పైథాన్‌ను అలా దించింది. ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి వచ్చే పారీ కూడా ఇప్పుడు బ్రౌజర్‌లోనే నడుస్తోంది. అప్పుడు స్లైడర్ కబురు దూరంలోని సర్వర్‌దాకా వెళ్లక్కర్లేదు.

బ్రౌజర్ వల్ల తెలుగుకు ప్రత్యేకంగా కలిగే మేలు ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. పైథాన్‌లో బొమ్మలు గీసే ప్రసిద్ధ పరికరం మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలాకాలం అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడం మాత్రమే చేసేది. అక్షం పక్కన ఉష్ణోగ్రత అని రాస్తే ష కింద రావాల్సిన ణ వత్తు విడిపోయి పక్కకు వచ్చి పడేది. బ్రౌజర్‌కు గుణింతాలూ వత్తులూ కూర్చడం పుట్టుకతో వచ్చిన విద్యలాంటిది. అక్షరాలను వచనంగానే దానికి అప్పగిస్తే చాలు, తెలుగు శీర్షికలు పుస్తకంలో ఉన్నట్టే వస్తాయి. తెలుగు మాధ్యమంలో గణితం చెప్పేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. చూపులేనివాళ్లకు మాత్రం వెబ్‌జీఎల్ బొమ్మ ఒక ఖాళీ చతురస్రమే. ఆ లోటు ఇంకా అలాగే ఉంది, విలువల పట్టికనైనా బొమ్మతో జతచేయడం తప్పనిసరి చేయాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం గణితవేత్తలది: బొమ్మ రుజువు కాదు, స్లైడర్లు జరపడానికి అలవాటుపడ్డ విద్యార్థి ఆలోచించడం మానేస్తాడు. మొదటి సగంతో నాకు పేచీ లేదు. గట్టును వెంటాడుతూ ఎంత లోపలికి వెళ్లినా ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. ఎక్స్ విలువ పది రుణ 81వ ఘాతం దగ్గరికి చేరితే దాని నాలుగో ఘాతం కంప్యూటర్‌లోని సాధారణ దశాంశ సంఖ్య మోయగలిగిన కనిష్ఠం కంటే చిన్నదై సున్నాగా మారిపోతుంది. వై వర్గానిదీ అదే గతి. సున్నాను సున్నాతో భాగించాల్సి వచ్చి లెక్క చేతులెత్తేస్తుంది, తెర మీద గట్టు ఉండాల్సిన చోట ఖాళీ మిగులుతుంది. రెండో సగాన్ని ఒప్పుకోలేను. ఎందుకంటే ఆ ఖాళీ దగ్గర ఆగిన విద్యార్థి, బొమ్మ ఉన్న పేజీలోనే కింద ఆదేశాలు రాసే గడిలో వైకి బదులు ఎక్స్ వర్గాన్ని ప్రతిక్షేపించమని సేజ్‌ను అడగవచ్చు. లవంలో ఎక్స్ నాలుగో ఘాతం, హారంలో దానికి రెండింతలు. రెండింటిలోని ఎక్స్ ఘాతం రద్దయి, సంఖ్యలతో కాకుండా గుర్తులతోనే లెక్క చేసే ఆ గడిలో రెండింట ఒక వంతు అని జవాబు వస్తుంది.