ఒక బార, ఒక మూర

తెడ్డు అనగానే మన ఇళ్ళలో ఆడవాళ్ళకు గుర్తొచ్చేది పాయసం కలియబెట్టే కొయ్యగరిటె. గోదావరి ఒడ్డువాళ్ళకు గుర్తొచ్చేది పడవ. రెండింటికీ ఒకే మాట పెట్టిన మన పూర్వులు గడుసువాళ్ళే. రెండూ చేసేది ఒకే పని కదా! కాకపోతే ఒకచోట గిన్నె కదలదు. రెండోచోట గిన్నె, అందులో కూర్చున్న మనిషితో సహా, కదిలిపోతుంది.

నేను చెప్పబోయేది మూడో రకం తెడ్డు. దీనికి రెండు కొసలా రెక్కలుంటాయి. నడిమిని పట్టుకుని కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి నీళ్ళను వెనక్కు లాగాలి. దీనితో నడిచే సన్నని పడవ పేరు కయాక్. గ్రీన్‌లాండు మొదలైన మంచు దేశాల్లో ఇన్యూట్లనే జనం సముద్రంలో వేటకోసం పుట్టించిన పడవ అది. ఆ దేశాల్లో చెట్లు మొలవవు. సముద్రం ఎక్కడినుంచో కొట్టుకుతెచ్చిన కర్రలతో మగవాళ్ళు చట్రం కడితే, సీల్ అనే సముద్రజంతువు తోళ్ళను ఆడవాళ్ళు దానిమీద తొడిగి, చుక్క నీరు దూరకుండా కుట్టేవారు. కుట్టు వదిలితే మొగుడు తిరిగి రాడు! మన తూర్పు తీరంలోనూ మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరి తాటితో కుట్టిన మసూలా పడవలుండేవి. కెరటం కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవ విరిగేది, కుట్టిన పడవ వంగి లేచేది.

ఈ సంగతులన్నీ నాకు చెప్పినవాడు మా మేనల్లుడు. ఉద్యోగం విశాఖపట్నంలో, సెలవురోజు మకాం సముద్రం మీద. వాడి దగ్గర ఇద్దరు కూర్చునే మడతపడవ వుంది. విప్పితే పదిహేడడుగులు, మడిస్తే రెండు సంచులు. వాడొకసారి ఎల్లారెడ్డిలో మా ఇంటికి వచ్చి, భోజనం చేస్తూ భుజం పట్టుకుని మూలిగాడు.

"ఏమిట్రా?" అన్నాను.

"తెడ్డు మామయ్యా. అల్యూమినియం గొట్టానికి ప్లాస్టిక్ రెక్కలు. రెక్క వెడల్పు ఎక్కువ, గాలి పట్టేస్తుంది. గ్రీన్‌లాండు పద్ధతి కర్ర తెడ్డు చేయించుకోవాలి. సన్నగా, పొడుగ్గా వుంటుంది. కొలతలు కూడా అంగుళాల్లో వుండవు. చేతులు బారజాపితే ఎంతో అంత, దానిపైన మోచేతినుంచి వేళ్ళ కొసదాకా ఎంతో అంత."

మా ఆవిడ వడ్డిస్తున్నదల్లా ఆగి, "అంటే ఒక బారా, ఒక మూరా. ఇందులో గ్రీన్‌లాండు ఏముంది?" అంది.

నిజమే. ఎక్కడి మంచుదేశం, ఎక్కడి మన పూలమ్మి! ఇద్దరూ కొలిచింది తమ ఒంటితోనే. తెడ్డు మధ్యభాగం, అంటే పిడి, మనిషి ఒంటి వెడల్పు వుండాలి. రెక్క వెడల్పు గుప్పిట్లో ఇమిడేటంత. అంతకు మించితే చల్లటి తడిచేతికి పట్టు దొరకదు. పొడుగువాడి తెడ్డు పొట్టివాడికి పనికిరాదు. అంగడిలో దొరికే చెప్పుల జత లాంటిది కాదన్నమాట.

ఇక చేసేదెవరు? పోచారంలో నాకు బాగా తెలిసిన వడ్రంగి వొకాయన వున్నాడు. నాగళ్ళు, బండిచక్రాలు చేసిన చెయ్యి. ట్రాక్టర్లు వచ్చాక నాగళ్ళు పోయాయి, అంగట్లో తయారు తలుపులు వచ్చాక దర్వాజాలూ తగ్గాయి. పనికోసం ఎదురుచూసే రోజులే ఎక్కువ. ఆయన సముద్రం ఎన్నడూ చూడలేదు. అయితే నీటి సంగతి తెలియనివాడూ కాదు. ఆలేరు వాగుకు అడ్డంగా 1916-22 మధ్య కట్టిన ఆనకట్ట నీడన పెరిగినవాడు. మంజీర మీద వెదురుబద్దల పుట్టిలో తిరిగినవాడు. 2025 ఆగస్టు చివర కుంభవృష్టి కురిసి, నూరేళ్ళు దాటిన ఆ ఆనకట్ట మీంచి వరద పొర్లినప్పుడు, తెగుతుందేమోనని ఈ ప్రాంతమంతా ప్రాణాలు బిగబట్టింది. కట్ట నిలిచింది. అప్పటినుంచి ఆ ఊళ్ళో నీళ్ళ మాటెత్తితే ఎవరూ తేలిగ్గా మాట్లాడరు.

మా వాడు గీసిన బొమ్మను ఆయన తలకిందులుగానూ, నిటారుగానూ తిప్పి చూశాడు. "గింత సన్నగుంటే నీళ్ళను ఏం నూకుతది సారూ?" అన్నాడు.

"వెడల్పు తక్కువైనా పొడుగు ఎక్కువ కదా" అన్నాడు మావాడు. ఆయన కొంతసేపు ఆలోచించి తల వూపాడు.

కర్ర దగ్గర పెద్ద చర్చే జరిగింది. ఆయన మొదట టేకు అన్నాడు. మన దేశంలో మర్యాద గల కర్రంటే టేకే కదా! మావాడు ఒక లెక్క చెప్పాడు. గంటకు సుమారు మూడువేల సార్లు తెడ్డు వెయ్యాలి. తెడ్డు నూరు గ్రాములు బరువెక్కువైతే గంటకు మూడువందల కిలోలు అదనంగా ఎత్తినట్టే. అట్లయితే నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర తేలికగా వుంటుంది గదా అన్నాను నేను. వడ్రంగి నవ్వి, "బొమ్మకు బలమెందుకు సారూ, తెడ్డుకు గావాలె గని" అని ఆ మాట కొట్టేశాడు. చివరికి గుమ్మడిటేకు కుదిరింది. పేరులో టేకున్నా టేకంత బరువుండదు, ఎండకూ తడికీ తొందరగా వంకర్లు పోదు. ముడులు లేకుండా, పొర నిలువునా సాఫీగా నడిచే పలకకోసం ఆయన కామారెడ్డి దాకా పోయి, కర్రల అడితిలో సగంరోజు గడిపాడు.

తరువాత మావాడిని వాకిట్లో నిలబెట్టి చేతులు చాపమన్నాడు. దారంతో బార కొలిచి, మూర కలిపి, పలకమీద పరిచాడు. టేపు పెట్టి చూస్తే 7 అడుగుల 3 అంగుళాల చిల్లర వచ్చింది. పిడి 20 అంగుళాలు. రెక్క, అతి వెడల్పైన చోట, 3 అంగుళాల పాతిక.

పని తీరు చూడవలసిందే. మొదట పలక నడిమిన నిలువుగా వొక గీత. సుద్దదారం లాగి వదిలితే పడ్డ ఆ గీత చివరిదాకా చెరగగూడదు. అన్ని కొలతలూ దానినుంచే. రంపంతో చుట్టుకొలత కోసి, బాడిసతో రెక్కలను కొసవైపు పలచన చేశాడు. ఆ పైన రందా. మన కోస్తావాళ్ళు చిత్రిక అంటారు, అదే. నాలుగు మూలలు తీస్తే ఎనిమిది పలకలవుతాయి, ఎనిమిదీ తీస్తే పదహారు, చివరికి గుండ్రన. పిడి పూర్తి గుండ్రన కాదు సుమా, కోడిగుడ్డు వాటం. కళ్ళు మూసుకుని పట్టుకున్నా రెక్క ఎటు తిరిగి వుందో చేతికి తెలియాలి.

నాలుగో రోజు సాయంత్రం తెడ్డు దాదాపు తయారైంది. ఉప్పుకాగితం పెట్టి రుద్దుతున్న మనిషి చటుక్కున ఆగాడు. రెక్కా పిడీ కలిసే మెడ దగ్గర వెంట్రుకంత నల్లగీత. నాకైతే చూపించినా కనబడలేదు. గోటితో గీరాడు, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టాడు, మోకాలికి ఆనించి కొద్దిగా వంచాడు. ఏమీ మాట్లాడకుండా రంపం తీసి మెడ దగ్గర తెగకోశాడు!

"అయ్యయ్యో, లక్క పెట్టి పూడిస్తే సరిపోయేది గదా!" అన్నాను.

"దర్వాజకైతే గీ గీత లెక్క గాదు సారూ. నడి నీళ్ళల్ల ఇరిగితె ఎవలొచ్చి పట్టుకుంటరు?" అన్నాడాయన.

నాలుగు రోజుల కూలీ, మంచి పలక రెండూ పోయాయి. రెండో పలకకు డబ్బిస్తానని మావాడు ఎంత చెప్పినా వినలేదు. కోసేసిన రెక్కను మాత్రం పారెయ్యకుండా చెక్కి, వంటింటి తెడ్డు చేసి మా ఆవిడకు పంపాడు. ఇప్పుడు మా ఇంట్లో పాయసం దానితోనే.

రెండో తెడ్డు పది రోజులు పట్టింది. కాచిన అవిసెనూనె మూడు పూతలు. వార్నీషు వద్దన్నాడు మావాడు, తడిచేతికి జారుతుందట.

ఆ డిసెంబరులో అనుమతి తీసుకుని పోచారం చెరువులో పరీక్ష చేశాం. 1952 నుంచీ అభయారణ్యమైన ప్రాంతం అది. చలికాలంలో చక్రవాకాలూ నత్తగుల్ల కొంగలూ దిగే వైపుకు పోకుండా, కట్టకు దూరంగా, ఇద్దరం రబ్బరుచొక్కాలు కట్టుకుని బయలుదేరాం. నాకు ముందు సీటు, పాత తెడ్డు. వెనక మావాడు, కొత్త తెడ్డు. నా తెడ్డు పడినప్పుడల్లా ధభేల్ మని చప్పుడు, వాడిది పడితే ఏమీ లేదు. కాసేపటికి తెడ్లు మార్చుకున్నాం. పై అంచు కొద్దిగా ముందుకు వాల్చి దింపితే ఆ సన్నటి రెక్క గాలిబుడగ లేకుండా నీళ్ళలోకి దిగుతుంది, బయటకూ అంత మెత్తగానే వస్తుంది. ఎదురుగాలి లేచినా చేతిలోంచి లాక్కోలేదు. యాభై దాటిన నా భుజాలు గంటన్నర తరువాత కూడా నామీద ఫిర్యాదు చెయ్యలేదు. గట్టుమీద వడ్రంగి బీడీ ఆరిపోయిన సంగతి మరచి చూస్తున్నాడు.

ఇలాంటి మడతపడవలో ఒక మనిషి మన తీరం వెంట పోయాడంటే నమ్ముతారా? ఆస్కార్ స్పెక్ అనే జర్మన్. పని దొరకని ఎలక్ట్రీషియన్. 1932లో ఊల్మ్ పట్టణం దగ్గర డాన్యూబు నదిలో పడవ వేశాడు. గనుల్లో పని దొరుకుతుందని సైప్రస్ దాకా పోదామనుకున్నవాడు ఆగలేదు. యూఫ్రటీసు నది దిగి, పారశీక సింధుశాఖ దాటి, హిందూదేశం పడమటితీరం వెంట సింహళానికి, అక్కడినుంచి తూర్పుతీరం వెంట కలకత్తాకు. మద్రాసుకూ కలకత్తాకూ నడుమ వున్నది మన కోస్తా అంతానూ! రెండు రెక్కల తెడ్డు, గాలి వాటమైనప్పుడు చిన్న తెరచాప, ఇవే అతని సాధనాలు. ఏడేళ్ళకు, 1939 సెప్టెంబరులో, ఆస్ట్రేలియా దీవిలో కాలు పెట్టాడు. అప్పటికే యుద్ధం మొదలైంది. శత్రుదేశస్థుడని పట్టుకుని నిర్బంధంలో పెట్టారు.

మేము అంత దూరం పోలేదు. జనవరిలో భీమునిపట్నంనుంచి రుషికొండ వైపు, ఒక్క పూట. మా ఆవిడ ఒప్పుకోవడానికి మూడు షరతులు పెట్టింది: రబ్బరుచొక్కా విప్పకూడదు, ఒడ్డు కనబడుతూనే వుండాలి, వెంట ఒక చేపల పడవ రావాలి. మూడూ సమంజసమైనవే. ఎవరు కొత్తగా పోయినా ఈ మూడూ పాటించవలసినవే అంటాను.

ఒడ్డునుంచి బయటపడటమే కష్టం. అక్కడి ముసలి జాలరి ఒకాయన మమ్మల్ని మోకాలిలోతు నీళ్ళలో ఆపేశాడు. కెరటాలు గుంపులుగా వస్తాయి; పెద్దవి నాలుగైదు పోయాక కాస్త తెరిపి వుంటుంది. ఆయన కళ్ళు చికిలించి చూసి, "ఇప్పుడు!" అన్నాడు. ముప్ఫై నలభై పోట్లు వూపిరి పీల్చకుండా వేశాం. ఒక కెరటం నా ఒళ్ళో కూర్చుని పోయింది. ఆ తరువాత అంతా వుయ్యాల. ఎడమ చేతివైపు ఆకాశం, కుడివైపు ఎర్రమట్టి దిబ్బలు. ఒడ్డున నిలబడి చూసినదానికంటే నీటిమీంచి అవి ఇంకా ఎర్రగా కనిపిస్తాయి. ఈశాన్యపుగాలి వీపున తగలగానే మావాడు దుప్పటంత తెరచాప ఎత్తి, తెడ్డును పక్కన నీళ్ళలో ఆనించి చుక్కానిలా పట్టుకున్నాడు. ఈ రకం పడవ తెరచాపతో గాలికి ఎదురు పోలేదు, గాలి పోయేవైపే పోతుంది. అయితేనేం, చేతులకు సెలవు! తొట్లకొండ దాటాక గాలి పడిపోయింది, మళ్ళీ బారా మూరా మొదలు.

ఒడ్డుకు చేరాక మావాడి స్నేహితులు నలుగురు ఆ తెడ్డును చేతులు మార్చుకుని చూసి, తమకూ చేయించమన్నారు. ఆ రాత్రే వడ్రంగికి ఫోను చేశాను. నాలుగు తెడ్లంటే ఆయనకు రెండు నెలల పని.

"చేస్త సారూ. మరి వాండ్ల కొల్తలు?"

"అంగుళాలతో సహా రాసి పంపుతారు."

"ఫోన్ల జెప్తె జెయ్య. మనిషి రావాలె, నా ముంగట చేతులు సాపాలె. ఎంత మూపున్నది, ఎట్ల కూసుంటడు, నేను సూడాలె గద!"

నలుగురిలో ఇద్దరు వచ్చే రెండో శనివారానికి విశాఖపట్నంలో రైలెక్కుతున్నారు. మిగతా ఇద్దరూ సెలవు దొరకగానే వస్తామన్నారు. ఆయన మాత్రం అప్పుడే కామారెడ్డి అడితిలో పలకలు ఏరడం మొదలుపెట్టాడు.